కొల్లేటి అంచున అమెరికా బావగారు

అమెరికా మొహం చూడకుండా అమెరికా చరిత్ర పాఠం చెప్పి జీతం తీసుకున్నవాళ్లలో నేనొకదాన్ని. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఏటా పంతొమ్మిది వందల అరవైల ఆ ఒక్క దశాబ్దం పూర్తి చేసేసరికి నా గొంతు పోయేది. అధ్యక్షుణ్ణి కారులో వెళుతుండగా కాల్చి చంపడం, నల్లవాళ్లు తమ హక్కుల కోసం రోడ్ల మీద నడవడం, వాళ్లను నడిపించిన పాస్టరుగారిని కూడా కాల్చి చంపడం, వియత్నాంలో యుద్ధం, చివరికి చంద్రుడి మీద మనిషి. "పదేళ్లలో ఇన్ని జరిగితే ఆ దేశంవాళ్లు నిద్ర ఎట్ల పోయినారు మేడం?" అని అడిగేవాళ్లు పిల్లలు. నాకేం తెలుసు? నేను పుస్తకంలో ఉన్నంతవరకే పోయొచ్చినదాన్ని.

కిందటేడు ఒక శిక్షణ తరగతిలో ఏలూరు నుంచి వచ్చిన సుగుణ గారు అనే టీచరు భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నారు. మాటల్లో ఆ పాస్టరుగారి ప్రస్తావన వచ్చింది. "కొల్లేటి ఒడ్డున మా మేనత్త ఊళ్లో ఆయనకి ఏటా జ్ఞాపకార్థ కూడిక పెడతారండీ" అన్నారామె, పప్పు కలుపుకుంటూ. పోయినవాళ్ల పేరున ఏడాదికోసారి ప్రార్థన పెట్టుకుని పదిమందికీ భోజనం పెట్టడం అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో ఉన్నదే. కానీ అది ఇంట్లో పోయినవాళ్లకు పెడతారు. అమెరికాలో పోయినాయనకు కొల్లేటి ఒడ్డున ఎవరు పెడతారు? నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"మరి వచ్చి చూడండి. వచ్చే ఏడే ఆఖరిదేమో" అన్నారు సుగుణ గారు. ఏప్రిల్ నెల రాగానే సంచీ సర్దేశాను.

ఏలూరు: కిటికీలో రేడియో

రైలు దిగి బయటికొస్తే ఆటో అతను "ఎక్కడికెళ్లాలండీ?" అన్నాడు. మా ఊళ్లో అయితే "యాడికి?" అంటాడు, అదీ మనవైపు చూస్తే. రేటు చెప్పాడు. ఎక్కువండీ అన్నాను, ఊరి మర్యాద నేనూ పాటిస్తూ. "ఎక్కువేనండీ. ఎండ కూడా ఎక్కువే కదండీ" అన్నాడు. తప్పు ఒప్పుకుని మరీ అడిగేవాడితో బేరం ఆడటం నాకు చేతకాలేదు.

సుగుణ గారింట్లో పెసరట్టు, లోపల ఉప్మా. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తింటాం. ఒక పలహారం కడుపులో ఇంకో పలహారం దాచిపెట్టే తెలివి మాకు రాలేదు. రెండు తిన్నాక మూడోది వద్దంటే వాళ్లమ్మగారు నొచ్చుకున్నారు. ఆ వయసావిడను నొప్పించడం ఎందుకని అదీ తిన్నాను.

అమ్మగారు చిన్నప్పుడు అక్కడి మిషను బడి బోర్డింగులో ఉండి చదువుకున్నారు. అధ్యక్షుడు పోయిన కబురు ఎలా తెలిసిందని అడిగాను.

"మాకప్పుడు అమెరికా పాలపొడి కలిపి పాలిచ్చేవారండీ. పసుపుపచ్చ పిండితో ఉప్మా కూడాను. అన్నీ ఓడల్లో వచ్చేవి. ఆ రోజు పొద్దున్న మాస్టారు కిటికీలో రేడియో పెట్టి, అమెరికా అధ్యక్షుల వారిని చంపేసేరర్రా అన్నారు. పిల్లలమంతా గొల్లుమన్నామండీ. టీచర్లు మా ప్రేమకి కరిగిపోయి దగ్గరికి తీసుకున్నారు."

"అంత చిన్నపిల్లలు ఆయన కోసం ఏడ్చారా!"

"ఆయన కోసం ఎక్కడండీ, పాల కోసం! ఆయనే పంపుతున్నాడనుకున్నాం. రేపట్నుంచి ఎవరు పంపుతారని ఏడుపు." ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. "మర్నాడు మళ్లీ పాలిచ్చేరండీ. అప్పుడొచ్చింది నిజం ఏడుపు. పోతూ పోతూ కూడా మాకు పంపించి పోయేడు పాపం అనుకున్నాం."

సాయంత్రం సుగుణ గారు ఆ బోర్డింగు వరండా చూపించారు. కిటికీ అలాగే ఉంది, ఊచలకు కొత్త రంగు. ఆ రోజు ఏడ్చిన పిల్లలను తలుచుకుంటే నవ్వొచ్చింది, అయినా ఆ ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్లు నేను ఆ హత్యను పరీక్షలో వచ్చే ప్రశ్నగా చెప్పాను. ఒక గ్లాసు పాలుగా చెప్పొచ్చని తెలియదు.

తాడేపల్లిగూడెం: ఉల్లిపాయలు, ఒక కుర్రాడు

కూడికకు ఇంకా రెండు రోజులుంది. తాడేపల్లిగూడెంలో ఒక అమెరికా కుర్రాడి దగ్గర కోళ్ల పెంపకం నేర్చుకున్న పెద్దాయన ఉన్నారని అమ్మగారు చెబితే బస్సెక్కాను. ఆ ఊళ్లో దిగగానే ముందు ముక్కుకు ఉల్లిపాయ తగులుతుంది, తర్వాత కంటికి ఊరు కనిపిస్తుంది. మార్కెట్లో గోతాలు గోడల్లా పేర్చి ఉన్నాయి. మా ఊరికన్నా చవగ్గా ఇస్తున్నారని, నాకు అవసరం ఉందా లేదా ఆలోచించకుండా ఒక సంచీ కొనేశాను.

పెద్దాయన పేరు సుబ్బారాయుడు గారు. కోళ్ల షెడ్డు పక్కన నులక మంచం మీద కూర్చుని మజ్జిగ ఇప్పించారు.

"గవర్నమెంటోళ్లు పంపించేరండీ ఆ కుర్రోణ్ణి. ఇరవై రెండేళ్లుంటాయేమో. పెరట్లో తిరిగే కోళ్లు తప్ప మాకేం తెలుసండీ అప్పట్లో? షెడ్డు ఎలా వెయ్యాలి, లైటు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆ అబ్బాయే. మా అమ్మ చేతి ఆవకాయ తిని ఏడ్చేవాడు, మళ్లీ వెయ్యమనేవాడు. ఒకరోజు వాళ్ల దేశం నుంచి కబురొచ్చిందండీ, యుద్ధానికి రమ్మని. నాకిష్టం లేదు సుబ్బారావ్ అన్నాడు. నా పేరు ఏనాడూ సరిగ్గా అనలేదండీ. అలాగే బస్సెక్కేడు."

"తర్వాత?"

"తర్వాత ఏ కబురూ లేదండీ. కొన్నాళ్లకి చంద్రుడి మీద వాళ్లోళ్లు దిగేరని రేడియోలో చెప్పేరు. ఊరంతా సంబరపడుతున్నారు. నేను మటుకు షెడ్డులోకి పోయి కూర్చున్నానండీ. చంద్రుడి మీదికి పంపినోళ్లని వెనక్కి తెచ్చుకున్నారు గదండీ, మా కుర్రోణ్ణి తెచ్చుకున్నారో లేదో." తర్వాత నన్నే అడిగారు. "మీరు ఆ చరిత్రే చదివేరంట గదా. మీకేమైనా తెలుసా అండీ?"

తెలియదన్నాను. ఆ యుద్ధం గురించి నాకు తెలిసినదంతా అక్కడ ఎందుకూ పనికిరాలేదు. వచ్చేటప్పుడు ఆయన డజను గుడ్లు ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. "ఆ అబ్బాయి చలవేనండీ ఇవన్నీ" అన్నారు షెడ్డు వైపు చూపించి.

తిరుగు ప్రయాణంలో ఉల్లిపాయల సంచీ చిరిగి బస్సంతా దొర్లాయి. సీట్ల కింద నుంచి ఒక్కొక్కరే తీసి, "మీ ఉల్లిపాయండీ", "ఇదీ మీదేనేమో చూడండీ" అంటూ ఏలూరు దాకా అందిస్తూనే ఉన్నారు. ఒకటి కూడా తగ్గలేదనుకుంటాను. గుడ్లు మాత్రం ఒళ్లో భద్రంగా ఉన్నాయి.

పెదపాడు దాటాక

మర్నాడు సుగుణ గారూ నేనూ ఆటోలో బయల్దేరాం. పెదపాడు దాటాక రోడ్డుకు అటూ ఇటూ చేపల చెరువులే, నీళ్లలో గాలి చిలికే చక్రాలు తిరుగుతూ. మా జిల్లాలో నీళ్లు కనిపిస్తే దిగి ఫోటో తీసుకుంటాం. ఇక్కడ నీళ్లు లేని చోటు కనిపిస్తే తీసుకోవాలి. నేను అన్నిటికీ నోరు తెరుస్తుంటే ఆటో అతను ముసిముసిగా నవ్వాడు.

సుగుణ గారి మేనత్త దీనమ్మ గారి ఇల్లు ఊరి చివర, చర్చి పక్కన. చిన్న గదిలో గోడకు మూడు ఫోటోలు. "ఈయన మా మామగారండీ. ఈయన మా ఆయన. ఈయన మా బావగారు" అని చూపించారు. మూడో ఫోటోలో కోటూ టైతో ఉన్న నల్లటి మనిషిని నేను పాఠ్యపుస్తకంలో ఎన్నిసార్లు చూశానో. ఆయన పేరు ఆవిడ నోట రాలేదు. వరసకు పెద్దవాళ్లను పేరు పెట్టి అనరు కదా. ఆవిడ అననిది నేనూ రాయను.

"బావగారు ఎలా అయ్యారండీ?" అన్నాను.

"మా మామగారు ఏలూరు బోర్డింగులో వంట చేసేవారు. రేడియోలో ఆ కబురు విని, వంట మధ్యలో ఒదిలేసి ఊరికి నడిచొచ్చేసేరంట. చర్చి గంట కొట్టండి, మన పాస్టరుగారు పోయేరు అన్నారంట. మన పాస్టరుగారేమో అరుగు మీద కూర్చుని గెడ్డం గీసుకుంటన్నారు!" దీనమ్మ గారు ఆ కథ ఎన్నోసారి చెబుతున్నారో గాని, అక్కడికొచ్చేసరికి తనే ఆగలేక నవ్వారు. "అప్పుడు చెప్పేరంట, అమెరికాలో నల్లోళ్ల పాస్టరుగారని. అప్పట్లో ఊరి మంచినీళ్ల చెరువులో మావాళ్లు దిగడానికి లేదండీ. ఎవరైనా ముంచి కుండలో పోస్తే తెచ్చుకోవాలి. ఆ దేశంలో కూడా కుళాయిలు వేరంట గదా, ఆయన కాదన్నాడంట గదా. అది పట్టుకుంది మామగారికి. కూడిక పెడదామన్నారు. కూడిక పెట్టాలంటే చుట్టం ఉండాలి గదండీ, ఆయనకి ఇక్కడెవరున్నారు? నేనున్నాను, ఆయనకి చిన్నాన్నని అనేసేరు మామగారు."

అంతే. చిన్నాన్న కొడుకు దీనమ్మ గారి భర్త. కనుక పోయినాయన ఆవిడకు బావగారు. మామగారి తర్వాత భర్త, భర్త తర్వాత ఆవిడ, ఏటా ఆ కూడికకు చుట్టాలుగా నిలబడ్డారు. పిల్లల్లేరు. ఇప్పుడు ఆవిడ కుడి భుజం పైకి లేవడం లేదు. కూడిక అవగానే చింతలపూడిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఎవరో ఒకరు చుట్టంగా నిలబడితే కూడిక ఉంటుంది, లేకపోతే ఇదే ఆఖరిది.

నిలబడటమంటే ఏమిటి, ఎలా నిలబడాలి అని నేను అప్పుడు అడగాల్సింది. ఖర్చు పెట్టుకోవడం కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఇంతలో ట్రాలీ ఆటోలో చేపల తొట్టె తీసుకుని ఏసోబు వచ్చాడు. దీనమ్మ గారి మరిది కొడుకు, చెరువుల మీద పని చేయిస్తాడు, నలభై దాటినవాడు. ఏటా కూడికకు చేప అతనే ఇస్తాడట. ఇచ్చి మాయమైపోతాడట.

"చేపనిస్తాడు గాని మనిషి నిలబడడండీ" అన్నారు దీనమ్మ గారు అతనికి వినబడేలా.

"మేడం గారండీ, ఆయన గొప్పోడు కాదని నేనన్నానా? ఒకసారి నిలబడితే చచ్చేదాకా నిలబడాలండీ, ఏ ఏడూ తప్పకూడదు. నా వల్ల కాదండీ. ఊరంతా కలిసి కేటరింగుకి ఇచ్చేద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోదు."

"కేటరింగు వాళ్లు ఆయనకి ఏమవుతారురా?" అన్నారు దీనమ్మ గారు.

ఏసోబు తొట్టె దించడానికి ట్రాలీ దగ్గరికి వెళ్లిపోయాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

కూడిక రోజు

చర్చి ముందు షామియానా వేశారు. పొద్దున్నుంచీ దీనమ్మ గారు పొయ్యి దగ్గరే. కొల్లేటి చేప, మామిడికాయ ముక్కలు వేసిన పులుసు. ఎడమ చేత్తో తిప్పుతున్నారు. మొదటి కూడికప్పుడు మామగారి దగ్గర చేప తప్ప పెట్టడానికి ఇంకేం లేదట, అందుకని ఈనాటికీ అదే. నేను మామిడికాయలు కోసిపెట్టాను. పులుసు వాసనకు ప్రార్థన మీద నా ధ్యాస నిలవలేదని ఒప్పుకోవాలి.

పాట అయింది, ప్రార్థన అయింది. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన సొంతవాళ్ల ముందు నేనేం చెబుతాను, పిలిచినందుకు దణ్ణమని కూర్చున్నాను. తర్వాత దీనమ్మ గారు లేచారు.

"మా బావగారు ఏనాడూ మా ఇంటికి భోజనానికి రాలేదండీ. అయినా ఏటా ఆయన పేరున పెట్టేం. ఇప్పుడు నా చెయ్యి లేవట్లేదు. ఎవరికైనా అప్పజెప్పి వెళ్దామని ఉంది. ఎవరూ లేకపోతే, ఇంక మావల్ల కాదు బావగారూ అని నేనే చెప్పేసుకుంటాను. ఆయనేం అనుకోరు." కొంగుతో మొహం తుడుచుకుని కూర్చున్నారు.

మొదటి బంతి కూర్చుంది. ఆకులు వేశారు, నీళ్లు చల్లారు. అన్నం బకెట్టు స్టూలు మీద ఉంది, గరిటె అందులో ఉంది. ఎవరూ కదలడం లేదు. అందరూ బకెట్టునే చూస్తున్నారు. ఈసారి ఏసోబు పారిపోలేదు, పెద్దమ్మ సామాను చింతలపూడి చేర్చాలి గనక. షామియానా గుంజకు ఆనుకుని, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. దీనమ్మ గారు లేచి బకెట్టు మీద చెయ్యి వేశారు. చెయ్యి వేశారు గాని ఎత్తలేకపోయారు.

మా వైపు విందుకెళ్లిన ఆడది కొంగు దోపి వడ్డనకు దిగకపోతే "ఆఫీసరమ్మ వచ్చింది" అంటారు. పెద్దావిడ అవస్థ పడుతుంటే ఇంతమంది గుడ్లప్పగించి చూస్తున్నారే అని నాకు ఒళ్లు మండింది. గబగబా వెళ్లి బకెట్టు అందుకుని, మొదటి ఆకులో ఒక గరిటె అన్నం వేసేశాను.

పక్క ఆకులవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. మొదటి ఆకు ముందున్న ముసలాయన తన అన్నాన్ని పాముని చూసినట్టు చూస్తున్నాడు. సుగుణ గారు దూరం నుంచి వద్దు వద్దని చేతులు ఊపుతున్నారు. అన్నం ఎక్కువ వేశానేమో అనుకుని రెండో ఆకులో కాస్త తగ్గించాను.

"ఆపండి మేడం గారండీ!" ఏసోబు పరుగెత్తుకొచ్చాడు. "మా పెదనాన్న కూడికలో మీరు వడ్డించడమేంటండీ?"

అనేసి ఆగిపోయాడు. తన మాట తనకే వినబడ్డట్టుంది.

మొదటి ఆకు ముసలాయన మెల్లగా తలెత్తాడు. "ఏరా ఏసోబూ, ఎవరి కూడికన్నావు?"

ఏసోబు నా చేతిలోంచి బకెట్టు తీసుకున్నాడు. ముసలాయన ఆకులో నేను వేసిన అన్నం పక్కన తను ఒక గరిటె వేశాడు. ముసలాయన కళ్లు మూసుకుని ఏదో అనుకుని, అప్పుడు ఏసోబు వేసిన అన్నంలో చెయ్యి పెట్టాడు. బంతంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది.

సుగుణ గారు నా పక్కకొచ్చి చెప్పారు. మొదటి గరిటె ఎవరు వేస్తే వాళ్లే చుట్టం. అదే నిలబడటం. "మీరేసిన అన్నంలో పెద్దాయన చెయ్యి పెట్టేసుంటే మీరే ప్రతి ఏడూ అనంతపురం నుంచి రావాల్సొచ్చేదండీ" అన్నారు. నవ్వుతున్నారు, కళ్లనిండా నీళ్లు. నాకు సిగ్గూ, సంతోషమూ కలిసి ఏం చెయ్యాలో తెలియక కొంగు విప్పి మళ్లీ దోపుకున్నాను.

దీనమ్మ గారు స్టూలు పక్కన అలాగే నిలబడి ఉన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తోచలేదు.

"పెద్దమ్మా, కూర్చో" అన్నాడు ఏసోబు రెండో గరిటె వేస్తూ.

"నేను ఆఖర్న తింటాన్రా. చుట్టం ఆఖర్న తినాలి."

"ఆఖర్న తినేది నేను. నువ్వు కూర్చో."

ఎవరో జరిగి చోటిచ్చారు. ఆవిడ కూర్చున్నారు, పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నారు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ కూడికలో ఆవిడ మొదటి బంతిలో కూర్చోలేదట. అందరూ తిని లేచాక అడుగున మిగిలిన పులుసు అన్నంలో పోసుకునేవారట. ఏసోబు గిన్నె తెచ్చి, వెతికి, పెద్ద ముక్క ఒకటి ఆవిడ ఆకులో వేశాడు. నాకు కూడా వేశాడు, "మీకూ కొంచెం చుట్టరికం అంటుకుందండీ ఇప్పుడు" అంటూ.

అమెరికా నేను వెళ్లలేదు, ఇక వెళ్తాననీ అనుకోను. ఆ దశాబ్దపు పాలూ, ఆ కుర్రాడూ, ఆ పాస్టరుగారూ ఈ నేలకు ఎలా వచ్చి చేరారో చూశాను, అది చాలు. ఏలూరు అమ్మగారికీ, గుడ్లిచ్చిన సుబ్బారాయుడు గారికీ, ఉల్లిపాయలు ఏరిన బస్సువాళ్లకీ, నా తప్పు క్షమించిన ఆ బంతికీ నేను రుణపడి ఉన్నాను.

దీనమ్మ గారు ముక్క విరిచి, ముల్లు తీసి, నోట్లో పెట్టుకున్నారు. ఇంకో ముద్ద కలుపుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు.

"ఇన్నేళ్లూ ముక్క బాగుంది, ముక్క బాగుంది అంటంటే, మర్యాదకి అంటన్నారనుకున్నానండీ. నిజంగానే బాగుందండీ."